నూట తొంభై రెండో నంబరు వేలిముద్ర

జిలాన్ బాషాకు కోపం రావడానికి పెద్ద కారణాలేమీ అక్కర్లేదు. స్టాంపు ప్యాడ్ మీద మూత పెట్టకుండా వదిలేస్తే వస్తుంది. ఆధార్ కార్డు తెమ్మంటే కార్డు ఫోటో ఉన్న ఫోను తెచ్చి, ఆ ఫోనులో చార్జింగ్ లేదంటే వస్తుంది. "మా అన్న బెంగళూరులో ఉండాడు సార్, ఆయప్ప సంతకం నేను పెడతా, ఇద్దరిదీ ఒకటే రక్తం కదా" అంటే మాత్రం ఇక చెప్పనక్కర్లేదు, ఆ పూట అన్నం కూడా సరిగా దిగదు. ఉరవకొండలో టీ అంగడి పక్కన ఒంటిగది ఆఫీసులో నోటరీగా కూర్చుని, ఇన్నేళ్లలో ఆయన సంపాదించింది బీపీ ఒక్కటేనని ఆయన భార్య రంజాన్ బీ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది.

జనం దృష్టిలో నోటరీ అంటే ఒక గుండ్రటి సీలు, ఒక గీకుడు సంతకం. అంతే. బాషా దృష్టిలో నోటరీ అంటే రిజిస్టరు. ఏ కాగితం, ఎవరిది, ఏ తేదీన తన ముందుకొచ్చింది, ఎవరు సంతకం చేశారు, ఎవరు వేలిముద్ర వేశారు, అన్నీ వరస తప్పకుండా అందులో ఎక్కాలి. ఆ కాగితాన్ని రేపు ఎలుకలు కొట్టినా, చెదలు తిన్నా, ఇంట్లో పెట్టుకుని లేదని ఎవడైనా బొంకినా, రిజిస్టరు నిలబడి సాక్ష్యం చెప్పాలి. సాయంత్రం తలుపు మూసేముందు ఆ రోజు చివరి వరస కింద ఎర్ర ఇంకుతో గీత కొట్టేవాడు. ఆ గీత పడ్డాక ఆ తేదీలోకి దూరడం ఎవరి తరమూ కాదు. బస్టాండు దగ్గర లక్ష్మీపతి అని ఇంకో నోటరీ ఉన్నాడు. ఆయన ఏ రోజుకారోజు రెండు వరసలు ఖాళీగా వదిలేస్తాడు, పాత తేదీ కావలసినవాళ్లు ఎప్పటికైనా వస్తారు కదా అని. వస్తారు కూడా. లక్ష్మీపతి ఆఫీసు ముందు ఎప్పుడూ చెప్పులు గుట్టపడి ఉంటాయి. బాషా ఆఫీసు ముందు బాషా చెప్పులు ఉంటాయి.

రిజిస్టరు విషయంలో బాషాకు ఒక సొంత పద్ధతి ఉంది. చట్టంలో లేదు, ఇంకెవరి దగ్గరా లేదు. ముందు రిజిస్టరులో వేలు, తర్వాతే కాగితం మీద వేలు. ఎందుకంటారా? కాగితం మీద సీలు పడిన మరుక్షణం మన జనం గదిలో ఉండరు. "రిజిస్టరులో కూడా వెయ్యప్పా" అనేలోపే ఆటో స్టార్టు చేసిన చప్పుడు వినిపిస్తుంది. మొదట్లో వాళ్ల వెంట వీధుల్లో పరుగెత్తి పరుగెత్తి విసిగిపోయి, ఆయన వరస తిరగేశాడు. కాగితం కోసం మనిషి ఎంతసేపైనా కూర్చుంటాడు, కాబట్టి రిజిస్టరు పని ముందే కానిచ్చుకుంటే తలనొప్పి ఉండదు. ఈ తెలివికి ఆయన తనను తాను చాలాసార్లు మెచ్చుకున్నాడు. నూట తొంభై రెండో నంబరు వచ్చేదాకా మెచ్చుకున్నాడు.

ఆ నంబరు యేసన్నది. ఊరు ఉరవకొండ దాటాక లోపల, చెనక్కాయ చేల మధ్య. మొదటి భార్య పోయాక చాలా ఏళ్లకు తిమ్మక్కను ఇంటికి తెచ్చుకున్నాడు. చర్చిలో పెళ్లి కాలేదు. రేషన్ కార్డులో పేరు ఎక్కలేదు. "రేపు ఎక్కిద్దాంలే" అంటూనే తిమ్మక్క తల నెరిసింది. మొదటి భార్య కొడుకు విజయభాస్కర్ బెంగళూరులో క్యాబ్ నడుపుతాడు. వాడు తిమ్మక్కను ఏ వరసా పెట్టి పిలవడు, "ఆయమ్మ" అంటాడు. నాయన తర్వాత ఇల్లు అమ్మేస్తానని ఊళ్లో ఇద్దరు ముగ్గురి ముందు అన్నాడట. యేసన్నకు ఈమధ్య గుండెలో నొప్పి వస్తూ పోతూ ఉంది. అందుకని, తన తర్వాత ఇల్లు తిమ్మక్కకే అని వీలునామా రాయించడానికి వచ్చాడు. వెంట తిమ్మక్క, సాక్షులుగా పక్కింటి ఐజాక్, ఐజాక్ బామ్మర్ది. అందరూ ఐజాక్ ఆటోలోనే వచ్చారు.

బాషా వీలునామా చదివి వినిపించాడు. యేసన్న కళ్లు మూసుకుని విన్నాడు.

"అంతా సరిగానే ఉండాది సారూ. ఒక్క ముక్క కలపాల."

"ఏమి?"

"భాస్కర్ ఎప్పుడొచ్చినా ముందర రూము వానిదే. ఆ మాట రాయి."

"ఏమప్పా, ఇది వీలునామానా, లాడ్జి బోర్డా? రూములు గీములు రాసేది ఉండదు ఇందులో."

"రాయకపోతే నేను ఏలు ఎయ్యను."

"ఎయ్యకపో! నాదేం పోయ!"

అయినా యేసన్న కదల్లేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఇంకెవరి పనో అన్నట్టు కూర్చున్నాడు. చివరికి బాషానే పళ్లు నూరుకుంటూ పక్కనున్న నెట్ సెంటరుకు కాగితం పంపి, ఆ ముక్క కలిపి మళ్లీ టైపు చేయమన్నాడు. అక్కడ కరెంటు పోయింది. వచ్చింది. మళ్లీ పోయింది. ఎట్టకేలకు కొత్త కాగితం వచ్చాక, బాషా దాన్ని పక్కన పెట్టి, తన పద్ధతి ప్రకారం ముందు రిజిస్టరు తీసి నూట తొంభై రెండో వరస రాసి, యేసన్న ఎడమ బొటనవేలిని ప్యాడ్‌కు అద్ది వేయించాడు. నేలను గీకి గీకి అరిగిన వేలు అది. అయినా ముద్ర మాత్రం చక్కగా, సుడి కనబడేలా పడింది.

రిజిస్టరు పని అయింది. బాషా కాగితాన్ని బల్ల మీద పరిచి, ప్యాడ్ ముందుకు జరిపాడు. అప్పుడు మోగింది ఐజాక్ ఫోను.

"నీళ్లు ఇడిసినారంట!" అన్నాడు ఐజాక్.

అంతే. నలుగురూ ఒక్కసారిగా లేచారు. ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో వచ్చే కొళాయి నీళ్లు. ఎంతసేపు వస్తాయో వదిలినవాడికే తెలియదు. బిందెలు వరసలో పెట్టి మనిషి లేకపోతే వాటిని పక్కకు తోసేస్తారు. పైగా వచ్చింది ఒకటే ఆటో, దాంట్లో పోకపోతే మళ్లీ నడకే.

"ఒక్క ఏలు! ఒక్క ఏలు ఏసి పోప్పా! ఎంతసేపు?" అని బాషా అరిచాడు.

"పా, పా, ఇంట్లో గుక్కెడు నీళ్లు లేవు," అని తిమ్మక్క మొగుడి రెక్క పట్టుకుని లాగింది. యేసన్న గడప దాటుతూ వెనక్కి తిరిగి, వయొలెట్ ఇంకు అంటిన వేలు పైకెత్తి చూపించాడు. "పుస్తకంలో ఏసినా కదా సారూ! రేపొచ్చి అది కూడా ఏస్తా!"

రేపు రాలేదు. ఎల్లుండీ రాలేదు. వీలునామా బల్ల సొరుగులో వేలు లేకుండా పడి ఉంది. రిజిస్టరులో వేలు, కాగితం లేకుండా పడి ఉంది. ఇలాంటి సంకర వరస బాషా రిజిస్టర్లలో ఇంతవరకూ లేదు. పైగా జనవరి మొదటి వారంలో ప్రభుత్వానికి సాలుసరి లెక్క పంపాలి. ఏడాదంతా ఎన్ని కాగితాలు ధ్రువపరచాడో అందులో చూపించాలి. ఈ నూట తొంభై రెండును ఏమని చూపించాలి? అయినట్టా, కానట్టా?

ఫోను చేశాడు. "చెనక్కాయ పీకుతాండాం సారూ, అది ఐతానే వస్తా." మళ్లీ చేశాడు. "కాయ ఎండబెట్టినాం, మబ్బు పట్టింది, ఇప్పుడు యాడికి కదిలేది?" ఇంకోసారి చేశాడు. "క్రిస్మస్ పండగ కదన్నా, ఐతానే వస్తాం," అని తిమ్మక్క చెప్పింది. వానలు పడాల్సినప్పుడు ఒక్క చినుకు రాల్చని మబ్బు, సరిగ్గా తన వరస పూర్తి కావాల్సినప్పుడే పట్టాలా అని బాషాకు ఒళ్లు మండింది.

"ఆ గీతేదో కొట్టేసి అన్నం తిను," అంది రంజాన్ బీ, కంచం ముందు రిజిస్టరు తెరుచుకుని కూర్చున్న మొగుణ్ని చూసి.

"గీత కొట్టేసేకి అది కిరాణా చిట్టీనా? మనిషి వేలు ఉండాది దాని మీద!"

పండగ అయిన రెండో రోజు ఇక ఆగలేకపోయాడు. నోటరీ ఇల్లిల్లూ తిరగడమేమిటని తనను తానే తిట్టుకుంటూ, రిజిస్టరు, వీలునామా, ప్యాడ్, సీలు సంచిలో వేసుకుని స్కూటర్ ఎక్కాడు. దారి పొడుగునా యేసన్నను ఏమని తిట్టాలో సరిచూసుకున్నాడు. ఊరు చేరేసరికి ఆ తిట్లు బాగా పదునెక్కాయి.

యేసన్న ఇంటిముందు షామియానా వేసి ఉంది. చూరుకు కాగితం నక్షత్రం ఇంకా వేలాడుతోంది. పండగ అయిపోయి రెండు రోజులైనా షామియానా విప్పే తీరిక లేదు వీళ్లకు, వేలు వేయడానికి ఏం తీరిక ఉంటుంది అనుకుంటూ బాషా సంచి తీసుకుని గబగబా లోపలికి నడిచాడు.

"యేసన్నా! ఈ పొద్దు యాడికి తప్పించుకుంటావో చూస్తా!"

కూర్చున్నవాళ్లంతా తలలు తిప్పి చూశారు.  నడుమ మంచం మీద యేసన్న తెల్లటి దుప్పటి కప్పుకుని ఉన్నాడు. తలాపున కొవ్వొత్తి వెలుగుతోంది.

బాషా వెనక్కి అడుగేశాడు. చెప్పులు విప్పాలన్న సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చింది. దారంతా పోగుచేసుకొచ్చిన తిట్లు వినాల్సినవాడు లేడు. సిగ్గుతో ఆయన ముఖం కాలిపోయింది. ఐజాక్ లేచొచ్చి ప్లాస్టిక్ కుర్చీ వేశాడు.

"తెల్లారుజామున పోయినాడు సారూ. నొప్పి అన్నాడు, నీళ్లు తాగినాడు, అంతే. భాస్కర్‌కు ఫోన్ చేసినాం, బెంగళూరు నుంచి వస్తాండాడు. వాడొచ్చినాక సమాధి."

తిమ్మక్క మంచం పక్కన కింద కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. ఆమె బాషాను చూడలేదు, ఆయన సంచిని చూసింది.

మాట మొదలుపెట్టినవాడు తిప్పయ్య. ఊళ్లో తగువులు తీర్చే పెద్దమనిషి. కుర్చీ దగ్గరికి జరుపుకుని గొంతు తగ్గించాడు. "సార్, మంచి టయానికి వచ్చినావు. కాగితం తెచ్చినావా?"

"తెచ్చినా."

"ప్యాడు?"

బాషాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక నమ్మలేదు.

"మనిషి పోయినాడు కానీ ఏలు ఉండాది కదా," అన్నాడు తిప్పయ్య, గొప్ప ఉపాయం చెబుతున్నట్టు. "నీ పుస్తకంలో ఏసిన ఏలే ఇది కూడా. మారలేదు కదా? ఆయప్ప మనసు ఏందో ఈడ అందరికీ తెలుసు. భాస్కర్ వచ్చేలోపల అద్దేస్తే, ఈయమ్మకు నిలువనీడ ఉంటాది."

"ఏమప్పా, తల ఉండి మాట్లాడుతాండావా?"

"అన్యాయంగా ఏమన్నా అడుగుతాండామా? లక్ష్మీపతి సార్ ఐతే ఈ పాటికి..."

"ఐతే ఆయప్పనే పిల్చుకోండి పోండి!" సావింట్లో అరవకూడదని తెలుసు, అయినా బాషా అరిచాడు. "బతికుండంగా వెయ్యమని ఎన్నిసార్లు మొత్తుకున్నా? చెనక్కాయ అంటిరి, మబ్బు అంటిరి, పండగ అంటిరి! అన్నిటికీ టైముండాది, ఒక్క ఏలు వేసేకి టైము లేదు. ఇప్పుడు పీనుగ చేయి పట్టుకోమంటారా నన్ను?"

అప్పుడు తిమ్మక్క కదిలింది. దుప్పటి కింద నుంచి యేసన్న ఎడమచేయి బయటికి తీసింది. కొంగుతో బొటనవేలు తుడిచింది, బతికున్నప్పుడు అన్నం ముందు తుడిచినట్టే. తుడిచి, ఆ చేయిని బాషా వైపు చాచి పట్టుకుంది.

"ఏపిచ్చుకో అన్నా."

"తిమ్మక్కా, అట్ల చేయగూడదమ్మా."

"నేనే కదా లాక్కొచ్చింది, నీళ్లు నీళ్లు అని. నేను లాగకపోతే ఆ పొద్దే ఏసుండేవాడు." ఆమె గొంతు గుసగుసలాగే వస్తోంది, అయినా అందరికీ వినబడింది. "నువ్వన్నా ముందు కాగితం మీద ఏపిచ్చింటే అయిపోయుండేది కదన్నా. పుస్తకం పుస్తకం అని, పుస్తకంలోనే ఏపిస్తివి. మరి ఆ పుస్తకం నాకు ఇల్లు ఇస్తాదా?"

బాషా సంచి కింద పెట్టాడు. ఇన్నేళ్లుగా తాను మెచ్చుకుంటూ వచ్చిన తెలివి ఆ చాచిన చేతి ముందు ఎందుకూ కొరగాకుండా పోయింది. ముందు కాగితం అని ఉంటే, ఆ వేలు కాగితం మీదే పడేది. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఆ నిజం మీద కోపం తెచ్చుకోవడానికి కూడా ఆయనకు వీల్లేకుండా పోయింది.

అయినా ప్యాడ్ తీయలేదు. ముందుకు వంగి, ఆ చేయిని తానే రెండు చేతులతో పట్టుకుని, మెల్లగా దుప్పటి కిందికి చేర్చాడు. చల్లగా ఉంది.

"ఇది వేస్తే నీకు ఇల్లు రాదమ్మా. రేపు భాస్కర్ కోర్టుకు పోతే నువ్వే జైలుకు పోతావు. నేనూ పోతా."

"పోతే పోతా. ఆడన్నా ఒక మూల ఇస్తారు కదా పండుకునేకి," అంది తిమ్మక్క, మళ్లీ తల మంచానికి ఆనించి.

తిప్పయ్య పెదవి విరిచి పక్కకు పోయాడు. ఐజాక్ కూడా కళ్లెత్తి చూడలేదు. ఇంత చదువుకున్న మనిషి ఒక ఆడమనిషికి ఒక్క చుక్క ఇంకు ఇవ్వలేకపోయాడని షామియానా కింద అందరూ అనుకుంటున్నారు. అది బాషాకు చెవిలో చెప్పినంత స్పష్టంగా తెలుస్తూనే ఉంది. స్కూటర్ ఎక్కి వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు. కుర్చీ గోడవారకు జరుపుకుని, రిజిస్టరు ఒళ్లో పెట్టుకుని, నూట తొంభై రెండు ఎదుట రిమార్కుల గడిలో ఆ రోజు తేదీ వేసి రాయడం మొదలుపెట్టాడు. యేసన్న స్వయంగా వచ్చాడు. తెలివిలో ఉన్నాడు. వీలునామా చదివి వినిపించగా ఒప్పుకున్నాడు. రిజిస్టరులో వేలు వేశాడు. నీళ్లు వచ్చాయని కబురు రాగా కాగితం మీద వేయకుండా వెళ్లాడు. తర్వాత చనిపోయాడు. వీలునామా పూర్తి కాలేదు. గడి చాలక అక్షరాలు చీమల్లా చిన్నవైపోయాయి. చివరిమాట రాసేటప్పుడు, దీన్ని రాస్తున్నది తన చేయేనా అని ఆయనకు చేదుగా అనిపించింది. అయినా రాశాడు.

పొద్దు వాలుతుండగా కారు వచ్చింది. విజయభాస్కర్ దిగాడు. ముప్పై దాటిన మనిషి, యేసన్న ముక్కు, యేసన్న నడక. ఎవరినీ పలకరించలేదు. నేరుగా మంచం దగ్గరికి వచ్చాడు. ముఖం మీద దుప్పటి తీస్తాడని అందరూ అనుకున్నారు. వాడు పక్కనుంచి దుప్పటి ఎత్తి, నాయన ఎడమచేయి బయటికి తీశాడు. బొటనవేలిని వెలుతురుకు తిప్పి చూశాడు. గోరు సందుల్లో చూశాడు. తర్వాత కుడిచేయి తీసి, దాన్నీ అలాగే చూశాడు. గోళ్ల కింద చేని మన్ను తప్ప ఏమీ లేదు.

అప్పుడు గానీ వాడు ముఖం మీది దుప్పటి తీయలేదు. తీసి, "నాయనా" అని మంచం మీద పడి ఏడ్చాడు.

 తిప్పయ్య చెప్పులు వెతుక్కునే పనిలో పడ్డాడు.

ఏడుపు కాస్త తెరిపిచ్చాక, వాడు ముఖం తుడుచుకుని లేచి బాషా దగ్గరికి వచ్చాడు. "లాయర్ సార్ నువ్వేనా?"

"నేనే."

"నువ్వు ప్యాడు తీసుకొని వచ్చినావని నాకు దోవలోనే ఫోన్ వచ్చింది. ఇంకు ఉండాదనే అనుకొని వచ్చినా. ఉండింటే ఈడనే నిన్ను కొట్టుండేవాణ్ని."

"కొట్టాల్సిందే," అన్నాడు బాషా.

"మరి ఏసినాడు అంటాండారు, ఎయ్యలేదు అంటాండారు. ఏంది ఇది?"

బాషా రిజిస్టరు తెరిచి చూపించాడు. విజయభాస్కర్ ఆ వయొలెట్ ముద్రను వంగి చూశాడు. రిమార్కుల గడిలో చీమల అక్షరాలను వేలు పెట్టుకుని చదివాడు. వీలునామా పూర్తి కాలేదన్న మాట దగ్గర ఆగి, బాషా ముఖంలోకి చూశాడు. "నువ్వే రాసినావా ఇది?"

"ఉన్నదే రాసినా. ఈ కాగితం చెల్లదు. నీకు అడ్డు లేదు."

"ఆ పొద్దు నాయన ఏమన్నాడు?"

"ఏమనాల? నా ప్రాణం తీసినాడు." బాషాకు ఆ రోజు విసుగంతా మళ్లీ ఎగదన్నింది. వీలునామా తీసి వాడి చేతిలో పెట్టాడు. "ఆ కడాన ఉండేది చదువు. ఆ ముక్క రాయకపోతే ఏలు ఎయ్యనని మొండికేసినాడు. దాన్ని టైపు కొట్టిచ్చేకే ఆలస్యమాయ. ఆ ఆలస్యంలోనే నీళ్లు వచ్చె. ఆ ఒక్క ముక్క లేకుంటే ఎప్పుడో అయిపోయుండేది."

విజయభాస్కర్ చదివాడు. తన కుమారుడు విజయభాస్కర్ ఎప్పుడు వచ్చినా ఇంటి ముందు గది అతనిదే, తిమ్మక్క అడ్డు చెప్పరాదు. రెండోసారి చదివినట్టున్నాడు, ఎందుకంటే చాలాసేపు కాగితం దించలేదు. తర్వాత దాన్ని మడిచి తిరిగి ఇచ్చేసి, మంచం తలాపున, తిమ్మక్కకు కొంచెం ఎడంగా కూర్చున్నాడు. ఆ రోజు ఇంకేమీ అడగలేదు.

యేసన్న కోసం ఇంట్లో జరిపిన ప్రార్థన, ఆదరణ కూడిక అయిన మర్నాడు, విజయభాస్కర్, తిమ్మక్క ఇద్దరూ ఐజాక్ ఆటోలో బాషా ఆఫీసుకు వచ్చారు. ఇల్లు ఆయమ్మకే ఉండనీ, ఏం చెయ్యాలని విజయభాస్కర్ అడిగితే, ఇంటిని తిమ్మక్క పేరున మార్చడానికి తనకు అభ్యంతరం లేదని కొడుకు పంచాయతీకి ప్రమాణపత్రం ఇస్తే పని జరుగుతుందని బాషానే చెప్పి పంపాడు. విజయభాస్కర్ కాగితం టైపు చేయించుకుని తెచ్చాడు. తిమ్మక్క మూల స్టూలు మీద కూర్చుంది. తనను ఎందుకు తెచ్చారో, ఈ కాగితమైనా నిలుస్తుందో లేదో ఆమెకు ఇంకా నమ్మకం కుదిరినట్టు లేదు. నోట్లో కొంగు కుక్కుకుని చూస్తోంది.

బాషా రిజిస్టరు తెరిచాడు. వరస రాశాడు. రాశాక ఒక క్షణం ఆలోచించి, దాన్ని పక్కకు నెట్టాడు.

"ఈ పొద్దు కాగితమే ముందు," అన్నాడు, ఎవరో కాదన్నట్టు గట్టిగా.

పెన్ను మూత తీసి విజయభాస్కర్ చేతిలో పెట్టాడు. అప్పుడు మోగింది ఐజాక్ ఫోను.

బాషా ఒక చేత్తో కాగితాన్ని గట్టిగా అదిమి పట్టాడు. ఐజాక్ ఫోను చెవికి పెట్టుకుని విని, ఏం చెప్పాలో తెలియక దిక్కులు చూశాడు. చెప్పనక్కర్లేదు, అందరికీ అర్థమైంది.

తిమ్మక్క లేవలేదు. స్టూలు అంచు రెండు చేతులతో పట్టుకుని, "పోనీ," అంది. "ఈ పొద్దు నీళ్లు పోతే పోనీ."

విజయభాస్కర్ పెన్ను కింద పెట్టి లేచాడు. "నువ్వు ఉండు చిన్నమ్మా. నేను పోయి రెండు బిందెలు పట్టి..."

వాడు ఆమెను ఆ మాటతో పిలవడం అదే మొదటిసారి. తిమ్మక్క నోట్లో కొంగు జారిపోయింది. ఐజాక్ నోరు తెరిచాడు. కానీ ఆ సంతోషం ఎవరికైనా అందేలోపే బాషా బల్ల మీద అరచేత్తో కొట్టాడు.

"కూచో! నాయనకు తగినట్టే పుట్టినావు కదరా! సంతకం పెట్టాల్సిందే నువ్వు! నీళ్లు మళ్లా వస్తాయి, మనిషి మళ్లా రాడు! చూసినావు కదా! కూచో!"

గది దద్దరిల్లింది. విజయభాస్కర్ కూర్చున్నాడు. సంతకం పెట్టాడు. సాక్షిగా ఐజాక్ పెట్టాడు. బాషా సీలు కొట్టి, తానూ సంతకం పెట్టి, ఆ కాగితాన్ని తిమ్మక్క రెండు చేతుల్లో పెట్టాడు. ఆమె దాన్ని కళ్లకద్దుకుని, మడతపెట్టడం తెలియక అలాగే గుండెలకు ఆనించుకుంది.

"ఇంక పోండి! నీళ్లు ఆగిపోతే నన్ను తిడతారు! ఉరకండి!"

ఉరికారు. ఆటో చప్పుడు మలుపు తిరిగింది. బాషా హమ్మయ్య అని కుర్చీలో వెనక్కి వాలి, గ్లాసులో నీళ్లు తాగి, ఇక సాయంత్రం ఎర్రగీత కొట్టడమే తరువాయి అనుకుంటూ రిజిస్టరు దగ్గరికి లాక్కున్నాడు.

వరస నిండా రాత ఉంది. సంతకం గడి ఖాళీగా ఉంది.

ఆయన తల మీద చేత్తో కొట్టుకున్నాడు. ముందు పుస్తకం అంటే కాగితం పోయింది, ముందు కాగితం అంటే పుస్తకం పోయింది. ఈ జనంతో ఏ పద్ధతి పెట్టుకుని బతకాలో చెప్పేవాడు ఎవడైనా ఉంటే వాడి కాళ్లు పట్టుకునేవాడు. రేపు రమ్మని ఫోను చేద్దామని జేబులో చేయి పెట్టాడు. రేపు అన్న మాట తలుచుకోగానే చేయి వెనక్కి వచ్చింది. రిజిస్టరు చంకలో పెట్టుకుని, ఆఫీసుకు తాళం కూడా వేయకుండా స్కూటర్ స్టార్టు చేశాడు.

కొళాయి దగ్గర ఊరంతా ఉంది. విజయభాస్కర్ ప్యాంటు మడిచి, బిందె కింద చేయి పెట్టి వంగి ఉన్నాడు. తిమ్మక్క వెనక బిందెల వరస కాస్తోంది. కాగితం ఆమె రవికలోంచి తెల్లగా కనబడుతోంది.

"ఒరేయ్! సంతకం!" అని స్కూటర్ మీదినుంచే అరిచాడు బాషా.

"వస్తాండా సార్, ఈ ఒక్క బిందె..."

"ఏయ్, పోయి పెట్టి రారా," అంది తిమ్మక్క, చేయి చాచి వాడి చేతిలో బిందె అందుకుంటూ. "నేను పట్టుకుంటా."

వాడు చేతులు చొక్కాకు తుడుచుకుంటూ వచ్చి, స్కూటర్ సీటు మీద పరిచిన రిజిస్టరులో సంతకం పెట్టాడు. సరిగా తుడుచుకోలేదు. మోచేతి నుంచి జారిన నీళ్లు వాడి పేరు మీద పడి, ఇంకు అలుక్కుని పక్క గడిలోకి పాకింది.

"యా అల్లా! ఇన్నేళ్లలో ఒక్క మరక లేదురా నా రిజిస్టరులో!" అని బాషా మొత్తుకున్నాడు. భుజం మీది తువ్వాలుతో అద్దాడు, ఊదాడు, ఎండకు పట్టాడు. పోలేదు. ఎదురుగా తిమ్మక్క నిండిన బిందె నడుముకెత్తుకుని, ముందు గది తలుపు తీయమని వాడితో చెబుతూ ఇంటివైపు నడుస్తోంది.

బాషా జేబులోంచి పెన్ను తీశాడు. రిమార్కుల గడిలో, ఉన్నది ఉన్నట్టు రాశాడు: మరక, కొళాయి నీళ్లది.